బిడ్డ మొహం చూపించే మామూలు

లంచం అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. పరుల సొమ్ము పాము వంటిదని మా నాన్న రోజూ అనేవాడు. బడిపంతులు ఆయన, మార్కుల కోసం ఎవరైనా జామకాయలు తెచ్చినా గడప దగ్గరే వెనక్కి పంపేసేవాడు. ఆ పెంపకంతోనే నర్సు శిక్షణకని గుంటూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి, డెబ్బైల చివర్లో ఒక ప్రభుత్వ కాన్పుల ఆసుపత్రిలో వార్డు సిస్టర్నయ్యాను.

మా వార్డులో ఒక ఆచారం ఉండేది. బిడ్డ పుట్టగానే ఆయా గుడ్డలో చుట్టి వరండా తలుపు దాకా తెచ్చి అక్కడ ఆగేది. ఒక చెయ్యి బిడ్డ కింద, రెండో చెయ్యి చాచి. మామూలు పడితేగానీ మొహం మీది గుడ్డ తొలిగేది కాదు. మగపిల్లాడికి ఒక రేటు, ఆడపిల్లకి అందులో సగం. తండ్రులు బేరమాడేవారు, ఆయా వేళాకోళమాడేది, అంతా నవ్వేవారు. కానీ పక్కవాళ్ళ దగ్గర చేబదులు తీసుకుని ఇచ్చినవాళ్ళనూ చూశాను. అది చూసినరోజు నాకు అన్నం సయించేది కాదు.

ఆయా చెడ్డ మనిషేమీ కాదు. మొగుడు పోయాక పిల్లల్ని ఆ తలుపు దగ్గర నిలబడే పెంచిందనాలి. జీతం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అయినా ఒకరోజు పిలిచి, ఇకపై చెయ్యి చాస్తే పైవాళ్ళకు చెప్తానన్నాను.

"కానీండి సిస్టరమ్మా, మీ ఇష్టం," అని మూతి ముడుచుకుంది.

వరండాలో చుట్టాలకూ చెప్పేదాన్ని. "మీ బిడ్డను మీరు చూసుకోడానికి డబ్బెందుకివ్వాలి? ఎవరడిగినా ఇవ్వం అని చెప్పండి." తలలూపేవారు. కానీ ఆ మాట ఎవరి నోటా రాలేదు. ఇవ్వకపోతే బిడ్డకి ఏమవుతుందోనని వాళ్ళ భయం.

కొద్దిరోజులకే సర్జాపుర దగ్గరి తెలుగు పల్లె నుంచి ఒక కోడలు కాన్పుకొచ్చింది. తల్లిలేని పిల్ల. వెంట మొగుడూ, ముసలి అత్తా. మొదటిది ఆడపిల్ల, ఇప్పుడూ ఆడపిల్లే. ఆయా బిడ్డను తెచ్చి, "ఆడబిడ్డ" అని చెప్పి, గుడ్డ తీసి, నోరు మూసుకుని నిలబడింది. నా ఆజ్ఞ మరి.

ముసలామె బిడ్డ వైపు చూడలేదు. ఆయా చేతి వైపు చూసింది.

"చూస్తివారా? దుడ్డు అడిగేదానికి కూడా నోరు రాలే ఆయమ్మకి. అంత విలువ లేని బిడ్డ అని ఆమెకే తెలిసిపొయ్యింది," అంది కొడుకుతో. సంచి చంకన పెట్టుకుని సాయంత్రం బస్సుకు పోతానంది. కోడలు బిడ్డనెత్తుకుని పుట్టింటికే పోవచ్చంది. ఆ పుట్టింట్లో ఉన్నది తాగుబోతు తండ్రి ఒక్కడే.

"అట్లంటే ఎట్లమ్మా," అని కొడుకు నసిగాడు. అంతకు మించి అతని వల్ల కాలేదు. తలుపు పక్క మంచం మీద కోడలు అంతా విని గోడ వైపు తిరిగింది.

"అడుగు," అన్నాను ఆయాతో మెల్లగా. "మగపిల్లాడికి అడిగేంతా అడుగు."

"వద్దు సిస్టరమ్మా. అడగమనేదీ మీరే, రేపు పట్టించేదీ మీరే," అని బిడ్డను నా చేతుల్లో పెట్టి వెనక్కి జరిగింది. ఆమె భయం ఆమెది.

తెల్లచీర, తలమీద టోపీ. అంతమంది చూస్తుండగా బిడ్డ మొహం మీద గుడ్డ కప్పి, చెయ్యి చాచాను. మా నాన్న చూస్తే ఏమనేవాడో ఆలోచించే తీరిక లేదు.

"అవ్వా, మనవరాలు పుట్టింది. ఏమిస్తావు? ఊరికే చూపించేది లేదు. మగపిల్లాడికెంతో దీనికీ అంతే."

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. ముసలామె సంచి కింద పెట్టింది.

"ఆడపిల్లకి అంతనా? ఇదేమి అన్యాయమమ్మా!"

"ఎందుకు తగ్గాలి? బంగారంలా ఉంది."

"బంగారమో ఇత్తడో చూడకుండా ఎట్ల చెప్పేది? ఇట్ల తే."

గుడ్డ తనే తొలిగించింది. బిడ్డ ఆవులించింది. ముసలామె చెవులు చూసింది, వేళ్ళు విప్పి చూసింది. "నా ముక్కే వచ్చుండాది," అని గొణిగింది. నా చేతుల్లోంచి బిడ్డను తీసేసుకుంది.

"మరి నా మామూలు?" అన్నాను, పట్టు వదలకుండా.

బిడ్డను రొమ్ముకు అదుముకుని వీపు నా వైపు తిప్పేసింది.

"పోమ్మా! నా మనవరాల్ని నేను చూసుకునేదానికి నీకెందుకియ్యాల దుడ్డు?"

ఆ వరండాలో ఎవరో ఒకరు ఆ మాట అనాలని ఎంతగా ఎదురుచూశానో! చాచిన చెయ్యి దించకుండానే ఏడ్చేశాను.