దసరా నాడు మాయమైన జాంబీలు

మా అమ్మకు మిస్డ్ కాల్ మీద నమ్మకం లేదు. ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి వెళ్ళినా, చేరగానే ఒక్క రింగు ఇచ్చి పెట్టెయ్యడం మా వాళ్ళ పద్ధతి. చుట్టాలందరి ఇళ్ళలోనూ ఆ రింగుతో పని అయిపోతుంది. మా అమ్మ మాత్రం వెంటనే తిరిగి ఫోన్ చేస్తుంది. "చేరిపోనావు, సరే. ఎలాగ చేరినావు? గొంతు అలాగుందేటి?" అంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇన్నేళ్ళుగా యాప్రాల్‌లో ఉంటున్నా ఆ యాసా మారలేదు, ఆ అనుమానమూ మారలేదు. రెండోది నాకూ వచ్చింది.

నేను కార్ఖానా ఏరియాలో ఒక చిన్న కంపెనీలో సి భాషలో ప్రోగ్రాములు రాస్తాను. వేరే చోట అనుమానం రోగం అంటారు. మా పనిలో అదే కూడు పెడుతుంది. అయినా ఆఫీసులో నన్ను ఆటపట్టించడం మానరు. టీ తాగే ముందు కప్పులోకి తొంగి చూస్తానట. చూస్తాను మరి, ఒకసారి ఈగ ఉంది.

బన్సీలాల్‌పేట్ దగ్గర ఒక రక్తపరీక్షల సెంటరు మా ప్రోగ్రాం వాడుతుంది. అక్కడున్న ఒక్కో మెషీన్ దగ్గరికి మా ప్రోగ్రాం ఒక్కో చైల్డ్ ప్రాసెస్‌ను, అంటే తనలోంచి పుట్టిన చిన్న ప్రోగ్రామును, పంపుతుంది. ఆ పిల్ల మెషీన్ నుంచి అంకెలు తెచ్చి ఒకచోట రాసి ముగిసిపోతుంది. పిల్లలన్నీ ముగిసేదాకా పేరెంటు, అంటే వాటిని పుట్టించిన ప్రోగ్రాం, ఆగాలి. ఆగడానికి సి లో 'వెయిట్' అని ఒక పిలుపు ఉంది. అందరూ ముగిశాక రిపోర్టు అచ్చవుతుంది.

ఒకరోజు ఆ రిపోర్టు తప్పు వచ్చింది. షుగర్ బాగా ఎక్కువున్న ఒక పెద్దాయనకు అంతా మామూలే అని కాగితం ఇచ్చారు. ఆయన కొడుకు అనుమానమొచ్చి ఇంకోచోట పరీక్ష చేయించి, రెండు కాగితాలూ పట్టుకుని సెంటరుకొచ్చి కౌంటర్ ముందు కేకలు పెట్టాడు. మెషీన్ల దగ్గర పనిచేసే టెక్నీషియనే ట్యూబులు మార్చేసిందని ఓనరు తేల్చేశాడు. శనివారం దాకా చూసి, ఆమె తప్పు కాదని తేలకపోతే పంపించేస్తానన్నాడు. ఆమె అల్వాల్ నుంచి వస్తుంది, పిల్ల తల్లి. ఇలాంటి పేరుతో బయటికి వెళ్తే మరో ల్యాబ్ గడప తొక్కనివ్వరు.

ఏమైందో చూసి రమ్మని ఆఫీసు నన్ను పంపింది. అందరికంటే ముందు ఆమెనే అడిగాను. "ఆ రోజు ఏమన్నా తొందరలో ఉన్నారా?"

"మీరు సుత గట్లనే అడుగుతుండ్రా మేడం?" అంది. "లేబుల్ అంటించినంకనే ట్యూబు మెషీన్‌ల పెడ్త. ఎన్నడు మార్చలే."

"చూడండి, నాకు మీ మీద అనుమానం ఉంది. మీ సార్ మీదా ఉంది. మా ప్రోగ్రాం మీదా ఉంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అందరికన్న ఎక్కువ ఎవరి మీద?"

"ఇంకా తేలలేదు."

ఆ పరేషాన్‌లోనూ కొంచెం నవ్వింది. తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పింది. ఆ రోజు షుగర్ మెషీన్ కేబుల్ లూజుగా ఉందట, లైటు వచ్చి పోయిందట. "కానీ స్క్రీన్ మీద అంత పచ్చగనే వచ్చింది మేడం. గందుకే నేను పట్టించుకోలే."

పచ్చగా ఎందుకొచ్చింది? ఆ ప్రశ్నతోనే ఆఫీసుకు తిరిగొచ్చాను.

ప్రోగ్రాంలో పిల్లల్ని పంపే ఆ భాగం రాసింది మా టీమ్ లీడ్, విజయవాడ వైపు మనిషి, మర్యాదస్తుడు. "వెయిట్ పెట్టానమ్మా. పిల్లలన్నీ ముగిసేదాకా పేరెంట్ కదలదు. ఇంకేం కావాలి?" అన్నాడు. ఆ మాట వినగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వెయిట్ చెప్పేవి రెండు. ఒకటి, ఫలానా పిల్ల ముగిసింది అని. రెండు, ఎలా ముగిసింది అని. పని పూర్తిచేసి ముగిసిందా, మధ్యలో చచ్చిందా అన్నది ఆ రెండోదానిలోనే ఉంటుంది. అది సున్నా అయితే క్షేమం.

ప్రోగ్రాం విప్పి చూస్తే ఆయన రెండూ అడుగుతున్నాడు. జవాబు సున్నా అయితే పచ్చ, కాకపోతే ఎరుపు. ఎక్కడా వంక లేదు. వంక లేకపోయేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. ఆఫీసులో పరీక్ష కోసం పెట్టుకున్న మెషీన్ కేబుల్ మధ్యలో పీకి చూశాను. పిల్ల అర్ధాంతరంగా చచ్చిపోయింది. పేరెంటు ఆగాల్సినంతసేపు ఆగి, పచ్చగా చూపించి, అంతకు ముందు పేషెంటు అంకెలనే అచ్చేసింది. కాగితం చేతిలో పట్టుకుంటే నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు వెయిట్ నిజంగా ఏం జవాబిస్తోందో అచ్చు వేయించాను. 'నీకు పిల్లలే లేరు' అంటోంది. ఇప్పుడే కదా కన్నది! జవాబు రానప్పుడు, ఆ చోట ముందుగా రాసి పెట్టుకున్న సున్నాయే అలా ఉండిపోతోంది. ఆ సున్నాని చూసి ఈ ప్రోగ్రాం అంతా క్షేమం అనుకుంటోంది.

ఫైలు పైకంటా వెతికితే ఒక్క లైను దొరికింది. పిల్లలు ముగిసిన కబురు నాకు అక్కర్లేదు, వాటి గుర్తులు మీరే తుడిచెయ్యండి అని సిస్టమ్‌కు చెప్పే లైను. ఆ లైను ఉంటే వెయిట్ ఆగడం మాత్రం ఆగుతుంది, ఎవరు ఎలా పోయారో చెప్పదు. చూసేవాళ్ళకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఇదెందుకు పెట్టారని లీడ్‌ను అడిగాను.

ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "దసరాకి పెట్టానమ్మా," అన్నాడు.

సెంటరులో ఆయుధపూజ చేశారట. మెషీన్లకు, కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి, హారతి ఇస్తుండగా ఈయన గొప్పకు పోయి, లోపల ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో స్క్రీన్ మీద చూపించాడట. ముగిసిపోయి, పేరెంటు ఇంకా పలకరించని పిల్లలను అక్కడ 'జాంబీ', అంటే నడిచే శవం, అని చూపిస్తారు. అది కాసేపు ఉండటం మామూలే, పేరెంటు వెయిట్ అనగానే పోతుంది. ఓనరు ఆ మాట చదివి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. "ఏందీ ఇది? పూజ నాడు నా మెషీన్‌ల శవాలేంది? తీసెయ్ ముందుగాల," అన్నాడట. హారతి ఆరిపోకముందే ఈయన ఆ ఒక్క లైను రాసి జాంబీలను మాయం చేశాడు. అందరూ ప్రసాదం తిన్నారు.

"మరి ఓనరుకు ఫోన్ చేసి చెప్పండి," అన్నాను.

"అప్‌డేట్ ఇచ్చామని చెబుదాం. సరిపోతుంది."

"సరిపోదు." ఆయన "తప్పు మా ప్రోగ్రాందే సార్, ఆవిడది కాదు" అనేదాకా ఆ పక్కనే నిలబడ్డాను. అన్నాడు. అవతలి నుంచి ఓనరు "సరే సరే, ఆమెను ఉండమంట" అన్నాడు. శుక్రవారం సాయంత్రం అది. వాళ్ళ సార్‌తో మాట్లాడి ఇంటికి చేరాక ఒక రింగు ఇవ్వమని టెక్నీషియన్‌కు చెప్పాను.

చీకటి పడేవేళకు రింగు వచ్చి ఆగిపోయింది. ఉద్యోగం నిలబడింది, ఆమె ఇల్లు చేరింది. అక్కడితో ఊరుకోవచ్చు. తిరిగి ఫోన్ చేశాను.

"ఏమన్నారు?"

"ఉండుమన్నరు మేడం. మెషీన్ల కాడికి మాత్రం పోవద్దన్నరు. కౌంటర్‌ల కూసొని బిల్లులు రాయాల్నట. ఎందుకైన మంచిదన్నరు. అందరు నన్ను చూసుకుంట గుసగుసలాడుతుండ్రు."

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ గొంతు వినకపోయి ఉంటే నేనూ అంతా పచ్చగానే ఉందనుకుని అన్నం తిని పడుకునేదాన్ని.

శనివారం పొద్దున్నే ఆ లైను తీసేసిన ప్రోగ్రాం పట్టుకుని లీడ్‌నూ వెంటబెట్టుకుని సెంటరుకు వెళ్ళాను. కౌంటర్ వాళ్ళను, శాంపిళ్ళు తీసే వాళ్ళను, అందరినీ మెషీన్ల గదిలోకి రమ్మన్నాను. ముందు పాత ప్రోగ్రాం నడిపాను. "కేబుల్ మీరే పీకండి సార్," అన్నాను ఓనరుతో. పీకాడు. స్క్రీన్ పచ్చగా వచ్చింది, ఎవరివో పాత అంకెలు అచ్చయ్యాయి. తర్వాత కొత్తది నడిపి మళ్ళీ పీకమన్నాను. ఎర్ర గీత వచ్చింది, షుగర్ మెషీన్ పని మధ్యలో ఆగిందని. రిపోర్టు రాలేదు.

స్క్రీన్ అంచున దసరా కుంకుమ ఇంకా ఉంది. ఓనరు ఆ పాత అంకెల కాగితం చూసి, చేతిలో కేబుల్ చూసి, టెక్నీషియన్ వైపు తిరిగాడు. "తప్పైందమ్మా. నీ సీట్ల నువ్వు కూసో," అన్నాడు అందరి ముందే.

ఆమె వెంటనే కూర్చోలేదు. కేబుల్ ఆయన చేతిలోంచి తీసుకుని గట్టిగా బిగించింది. ప్రోగ్రాం మళ్ళీ నడిపింది. పచ్చగా వచ్చింది. ఆ పచ్చను కాసేపు చూసి, నా వైపు ఒకసారి చూసి, కేబుల్ తన చేత్తో తానే పీకింది. ఎర్ర గీత వచ్చాక అప్పుడు కుర్చీ లాక్కుంది.