విక్రమ నామ తాళం

చింతపండు మీదికి తోసేస్తే నా తప్పు పోతుందా? రుద్దింది నేనే.

కారైక్కుడిలో మా పాతసామాన్ల కొట్టుకు తాళాలు చేసే ఇంటివాడు ముత్తుక్కరుప్పన్ ఆచారి దిండిగల్లు నుంచి పదిహేనేళ్ళుగా వస్తున్నాడు. కొనడానికి కాదు, చూడడానికి. పడగొట్టిన మా చెట్టియార్ల ఇళ్ళ తలుపు తాళాలు ముందేసుకుని కూర్చుంటే పెట్టిన కాఫీ చల్లారిపోయేది. స్క్రూ తలమీద గాటు నడిమధ్యన ఉంటే యంత్రం పని, పక్కకు పోతే చేతిపని అనేవాడు. తాళం మీది ఇంగ్లండు ముద్రని నమ్మొద్దు ఆచ్చీ అనేవాడు; మా చెట్టియార్ల ఆడవాళ్ళని అలాగే పిలుస్తారు. దాన్ని దిండిగల్లులోనే కొట్టి అమ్మేవాళ్ళట. ఇంత తెలిసినవాడికి తన తాత చేసిన తాళం ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు.

ఆ తాత తాళానికి నాలుగు స్క్రూలు కావాలంటే ఐదు చేసేవాడట. మరమ్మతుకొస్తే ఉంటుందని ఐదోది ఇంట్లో దాచేవాడు. చేత్తో కోసిన మర కాబట్టి అది ఆ తాళంలో తప్ప ఇంకెక్కడా పట్టదు. డబ్బాడు స్క్రూలూ పోగా ఒక్కటి మిగిలింది. ఆచారి దాన్ని రొంటిన దోపుకునే తిరుగుతాడు. పెళ్ళికొడుకు దొరికాడా ఆచారీ అని మా ఆయన ఏడిపించేవాడు.

కిందటి దసరాకు ముందు ఒక పెద్ద ఇత్తడి తాళం వచ్చింది. లోపల 'విక్రమ' అని చెక్కి ఉంది, అంతే. విక్రమ నామ సంవత్సరం అరవై ఏళ్ళకోసారి వస్తుంది కదా. 1880 అయితే ఆచారి తాతది. 1940 అయితే వాళ్ళ వీధిలోని శవరిముత్తు కొలిమిది. పనితనం రెండింటిదీ ఒకటే అచ్చు, స్క్రూలే తేడా: తాతవి చేత్తో కోసినవి, శవరిముత్తువి యంత్రం మీదవి. దాన్ని కొన్న ప్రదర్శనశాల ఆయన, చేసినవాడి పేరు పలక మీద రాయిస్తానన్నాడు. పండగ మర్నాడు వస్తానని ఆచారి కబురు పెట్టాడు.

మధ్యలో ఆయుధపూజ. మురికి సామాను పూజలో పెడతామా? చింతపండూ బూడిదా వేసి తోమాను. నల్లటి పాత స్క్రూలు పారేసి, కొత్తవి నాలుగు బలవంతాన బిగించి, గంధం బొట్టు పెట్టాను. ఆచారి మెచ్చుకుంటాడనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆచారి వచ్చి, తాళం అటూ ఇటూ తిప్పి చూశాడు. పాత స్క్రూలేవని అడిగాడు. చెత్తబండి పొద్దున్నే పోయిందన్నాను. గాటు నడుమ ఉందా, పక్కకుందా అన్నాడు. చూడలేదన్నాను.

నా స్క్రూలు ఒక్కోటీ విప్పుతూ, రొంటినున్నది తీసి ఆ కన్నంలో పెట్టి తిప్పాడు. పట్టలేదు. నాలుగు కన్నాల్లోనూ గిర్రున తిరిగింది. నేను బిగించినప్పుడే లోపలి మరలు చెరిగిపోయాయి.

"ఎన్నిసార్లు చెప్పాను ఆచ్చీ, తాళాన్ని ముట్టుకోవద్దని? చెంబు తోమినట్టు తోమేశారే."

పదిహేనేళ్ళలో ఆయన నామీద గొంతెత్తడం అదొక్కసారే.

తాళం తీసుకెళ్ళడానికి వచ్చి కూర్చున్న ప్రదర్శనశాల ఆయన గడియారం చూసుకుంటూ, మీ మాటే మాకు వేదం, 1880 అనండి రాసేసుకుంటాను అన్నాడు. అనెయ్యమని మా ఆయన కళ్ళతో సైగ చేశాడు. ఆ అబద్ధమేదో నేనే చెప్పేద్దామనిపించింది.

ఆచారి స్క్రూ తుడిచి మళ్ళీ రొంటిన దోపుకున్నాడు.

"తెలీదని రాసుకోండి."

మొన్న వెళ్ళి చూశాం. పలక మీద అలాగే రాశారు. తాళం మాత్రం తళతళలాడుతోంది.