స్టే వచ్చినప్పుడల్లా పెట్టె సర్దుకున్న పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో దండెం మీద చీర ఆరేయడం నేరం. నవ్వకండి, నిజంగానే నేరం. నా పరికిణీలు ఆరేసుకోవచ్చు, పెదనాన్న పంచెలు ఎన్నయినా ఆరేయచ్చు. చీర కనపడిందా, పొలం పోతుంది. అలాగని తెనాలిలో ప్లీడరు గారు చెప్పారు. ఆయన చెప్పాక మా ఇంట్లో గాలి కూడా ఆయన్ని అడిగే వీచేది.

మాది వేమూరు. నాకు ఊహ తెలిసేసరికే మా అమ్మ లేదు. అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మే నన్ను తెచ్చుకుని పెంచింది. ఆవిడకు పిల్లల్లేరు, పెదనాన్నకు మాటల్లేవు. ఆ రెండు లోట్లూ తీర్చే పని నా మీద పడింది. రెండో లోటు మరీ ఎక్కువగా తీర్చానని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

డెబ్బైల నాటి సంగతి. ఒక కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదని ప్రభుత్వం చట్టం తెచ్చింది. మించినది తీసుకుని భూమి లేనివాళ్ళకు పంచుతారు. అది అన్యాయమని నేనిప్పుడు అనను. మా చేలో పుట్టి పెరిగినట్టు పని చేసినవాళ్ళకు కాలు మోపుకోను సెంటు నేల ఉండేది కాదు. కానీ ఆ రోజుల్లో మా అరుగుల మీద ఆ మాట ఎవరూ అనేవాళ్ళు కాదు. భార్యాభర్తలు కలిసి ఒక్క కుటుంబమే, ఇద్దరికీ కలిపి ఒక్క వాటాయే అన్న ఒక్క ముక్కే అందరినీ కలవరపెట్టింది.

దానికి ప్లీడరు గారు మందు కనిపెట్టారు. మొగుడూ పెళ్ళాం విడిపోతే రెండు కుటుంబాలు అవుతాయి, రెండు వాటాలు నిలుస్తాయి. "కాగితం మీదేనండీ, మీ కాపురానికేం కాదు. బాపట్ల వైపు మహామహులే చేశారు" అని పెదనాన్నకు ధైర్యం చెప్పారట.

ఒక పొద్దున పెదనాన్న ఆ కాగితాలు తెచ్చి పీట మీద పెట్టారు. పెద్దమ్మ గారెలకు పప్పు రుబ్బుతోంది. అంతకు ముందు ఏడాదే నేనావిడకు పలక మీద సంతకం నేర్పాను. వేలిముద్ర మానిపించానని బడిలో గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, పెదనాన్న వేలు పెట్టి చూపించిన చోటల్లా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. నేను పక్కనే కూర్చుని వంకర పోయిన అక్షరాలు చూపించి ఏడిపించాను. ఆ కాగితమేంటో నాకు తెలియదు. ఆవిడకు మాత్రం తెలుసు.

కోర్టులో జడ్జి గారు ఏమడిగినా అవునండి అంటే చాలని ప్లీడరు గారు అన్నారు. ఆవిడ అలాగే అంది. సూత్రాలు రవిక లోపలికి వేసుకోమన్నారు, వేసుకుంది. రేపల్లెలో తమ్ముడింటికి వెళ్ళమన్నారు, వెళ్ళింది. నన్ను తీసుకెళ్తానంటే ప్లీడరు గారు ఒప్పుకోలేదు. "పిల్లను వెంటబెట్టుకుంటే పుట్టింటికి పండగకెళ్ళినట్టుంటుందండీ. ఒక్కరే వెళ్తేనే పోట్లాటలా ఉంటుంది" అన్నారట. అలా వాళ్ళ పోట్లాటకు సాక్ష్యంగా నేను వేమూరులో మిగిలాను.

ఇద్దరు మనుషులున్న ఇల్లు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. పెదనాన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేవారు, పక్కింటివాళ్ళు పంపిన కూర తినేవారు, అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేవారు. నేను మాట్లాడేదాన్ని. గేదెతో, రుబ్బురోలుతో, కుంకుడుకాయల డబ్బాతో. ఆయనతో మాట్లాడినా అంతే జవాబు వచ్చేది కనుక నాకు పెద్ద తేడా తెలియలేదని అందరికీ చెప్పేదాన్ని.

ఎవరైనా అడిగితే పోట్లాడి వెళ్ళిపోయిందని చెప్పమన్నారు. అంత చిన్న అబద్ధం నా నోటికి ఆనలేదు. గోంగూరలో ఉప్పు ఎక్కువైందని మొదలుపెట్టాను. రెండో వారానికి పెదనాన్న కంచం విసిరేశారు. నెల తిరిగేసరికి ఆ కంచం పెరటి గోడ దాటి వెళ్ళి పక్కింటి కోడికి తగిలింది. పంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టుకుని, "ఏదీ, మళ్ళీ ఒకసారి చెప్పవే అమ్మడూ" అని అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మునసబుతో కలిసి విచారణకు వచ్చినప్పుడూ అదే చెప్పాను. కోడి దగ్గరికి వచ్చేసరికి ఆయన పడీ పడీ నవ్వి, మజ్జిగ తాగి, ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. పొలాన్ని నేనే కాపాడానన్నంత గర్వంగా లోపలికి వెళ్ళాను. పెదనాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయి ఉన్నారు. అన్నం సగం అలాగే ఉంది.

ఇంతలో ఎవరో పెద్ద రైతులు హైకోర్టుకు వెళ్ళి చట్టం మీద స్టే తెచ్చారని పేపర్లో పడింది. మా ఊళ్ళో టపాకాయలు కాల్చారు. పెదనాన్న రేపల్లెకు కబురు పెట్టారు, వచ్చేయమని. పెద్దమ్మ పెట్టె సర్దుకుంది. సర్దుకున్న మూడో రోజున, స్టే తీయించడానికి ప్రభుత్వం పట్టుబట్టి కూర్చుందనీ, తొందరపడవద్దనీ ప్లీడరు గారు అన్నారు. మళ్ళీ కబురు వెళ్ళింది, ఆగమని. పెద్దమ్మ పెట్టె విప్పింది. ఇలా ఒక్కసారి కాదు. ప్రభుత్వం ముందుకంటుంది, కోర్టు ఆగమంటుంది, ఆ మాట హైదరాబాదులో పుట్టి తెనాలి మీదుగా రేపల్లె చేరేసరికి మా పెద్దమ్మ చీరలు పెట్టెలోకో, పెట్టెలోంచి బయటకో వెళ్తుండేవి. కబురు మోసేది నేనే. ఆదివారం పెదనాన్న నన్ను ప్యాసింజరులో ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించేవారు. రేపల్లెతో లైను అయిపోతుంది కాబట్టి తప్పిపోయే అవకాశం లేదు.

ఆవిడ ఉండే వెనక గది రైసు మిల్లును ఆనుకుని ఉండేది. ఎన్నిసార్లు తుడిచినా గచ్చు మీద తవుడు పేరుకునేది. మావయ్య మంచివాడే, అత్త కూడా చెడ్డది కాదు. కానీ మొగుణ్ణి వదిలేసి వచ్చిన ఆడపడుచుకు పేరంటం పిలుపు రాలేదు. అది కాగితం మీదేనని గడప దాటి చెప్పడానికి లేదు కదా. చెబితే పొలం పోతుంది.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆవిడ తవుడు చిమ్ముతోంది. చీపురు పక్కన పెట్టి, "కోడి బతికిందా?" అంది.

నా కథ నాకంటే ముందే బండెక్కిందన్నమాట. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మడత కుర్చీ వేసుకుని, కళ్ళజోడు లేకపోయినా ఉన్నట్టు ముక్కు మీద వేలితో సర్దుకుని, "నేను ఇన్‌స్పెక్టర్నే. చెప్పమ్మాయ్, ఆరోజు ఏం జరిగింది?" అంది. గొంతు కూడా మగ గొంతే పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఉప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టి, కంచం, గోడ, కోడి, అన్నీ అభినయించి చూపించాను. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. అన్ని రోజులకు ఆవిడ నవ్వు మళ్ళీ విన్నది అప్పుడే.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "బాగుంది. మీ పెదనాన్న ఏమన్నాడు?" అంది. ఆయన మాటలు చెప్పాను. ఆయన జన్మలో అనని మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి.

"పక్కింటావిడ ఏమంది?" అవీ చెప్పాను. కోడి అన్న మాట కూడా చెప్పాను.

"మీ పెద్దమ్మ ఏమంది?"

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, ఎన్ని రంగులు వేసి ఉంటానో. అందులో కోడికి కూడా మాట ఉంది. మా పెద్దమ్మకు లేదు. ఆవిడకో మాట ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. కాసేపు వెతుక్కుని, "అవునండి అంది" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"సరిగ్గానే చెప్పావులే" అంది. మగ గొంతు పోయింది. కుర్చీ మడిచి గోడకు ఆనించి, నా జడ విప్పి మళ్ళీ వేసింది. పక్కన మిల్లు ఆడుతూనే ఉంది. చాలాసేపటికి, "ఒక్కసారి అడిగుంటే నేనే వెళ్తానని చెప్పేదాన్నే. పొలం ఆయనది మాత్రమేనా? అడగలేదు" అంది. నాతో అన్నదో, జడతో అన్నదో తెలియదు. రిబ్బను ముడి వేసి, "ఈసారి స్టే వచ్చినా నేను పెట్టె సర్దను. కబురు పెడితే రాను. ఆయన్నొచ్చి అడగమను" అంది.

ఆ సాయంత్రం వేమూరులో దిగి, పెదనాన్నతో నడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను. నా జీవితంలో ఏ రంగూ వేయకుండా చెప్పిన మొదటి కబురు అదే అనుకుంటాను. పై ఆదివారం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, నాతో పాటు బండెక్కారు. దారిపొడవునా ఆయన పెదాలు మెల్లగా కదలడం చూశాను. వల్లె వేసుకుంటున్నారు. నాకు బడిలో పద్యం అప్పజెప్పే రోజు గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

రేపల్లెలో ఆయన్ను వసారాలో కూర్చోబెట్టారు. పెద్దమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, గుమ్మం పక్కన నిలబడింది. ఆయన గ్లాసు ఖాళీ చేశారు. ఖాళీ గ్లాసులోకి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"గేదె ఈనింది" అన్నారు.

పెద్దమ్మ కాసేపు చూసి, "ఏం దూడ?" అంది.

"పెయ్య."

"మంచిదేనండి. జున్ను తిన్నారా?"

"పక్కింటివాళ్ళకిచ్చేశాం. ఎవరు వండుతారు?"

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు. మామూలుగా అలాంటి చోట ఏదో ఒకటి విసిరి అందరినీ నవ్వించడం నా పని. ఆ రోజు నా నాలుక కూడా కదల్లేదు. ఆయన తరఫున నేను అడిగేస్తే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆవిడ ఎదురుచూస్తున్నది నా మాట కోసం కాదు. పెద్దమ్మ గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది, ఇంకా ఏదో అంటారేమోనని. బండికి వేళయింది. ఆయన లేచి, చెప్పులేసుకుని, "వస్తాను" అన్నారు. ఆవిడ "అవునండి" అంది.

తర్వాత చట్టం నిలబడింది. మాది విచారణకు వచ్చినప్పుడు అధికారులు కాగితాలు తిరగేసి, ఈ విడాకులు పొలం కోసం ఆడిన నాటకమని తేల్చారు. భార్యాభర్తలది ఒకే కుటుంబమని రాసి, ఎక్కువైన పొలం తీసుకున్నారు. ఊళ్ళో ప్లీడరు గారిని తిట్టనివాళ్ళు లేరు. నేను మాత్రం ఆ రాతలే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ప్రభుత్వం లెక్కలో వాళ్ళు ఒకే కుటుంబం. మా ఇంట్లోనే రెండు. పెద్దమ్మ చివరిదాకా రేపల్లెలోనే ఉండిపోయింది. మిల్లులో బియ్యం చెరగడానికి వెళ్ళేది, ఎవరి మీదా ఆధారపడలేదు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి పెదనాన్నకు వండి పెట్టాను. ఆయన నా వంటకు వంక పెట్టలేదు, బాగుందనీ అనలేదు. ప్రతి ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని స్టేషను దాకా వెళ్ళేవారు. ఒక్కోసారి బండెక్కేవారు కూడా. రేపల్లె ప్లాట్‌ఫారం దాటి వెళ్ళేవారో లేదో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

నాకిప్పుడు మనవలు. నోరు తగ్గలేదు, ఇంట్లో ఎవరినీ ప్రశాంతంగా అన్నం తిననివ్వనని పేరు. కానీ ఆ మడత కుర్చీ ముందు నోరు పెగలని రోజు తర్వాత, ఎవరి గొడవ ఎవరు చెప్పినా, ఎంత రంజుగా చెప్పినా, అందులో మాట లేని మనిషి కోసం వెతకడం అలవాటైంది. మొన్న మా తోటికోడలి కొడుకు తాముంటున్న ఇల్లు అమ్మకం కాగితాలు తెచ్చాడు, సాక్షి సంతకం కోసం. "అందరూ సరేనన్నారు పెద్దమ్మా, ఇదిగో ఇక్కడ పెట్టు" అని వేలితో చూపించాడు. వాడి భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నువ్వేమంటావమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి మొగుడి వైపు చూసింది, నా వైపు చూసింది. నాకు తొందరేం లేదు. పెన్నుకు మూత పెట్టి కూర్చున్నాను.