రాయి ఒప్పుకుందన్నాను

ఎత్తడానికి ఎనిమిది మంది కావలసిన రాయిని ఇన్నేళ్లుగా నేనొక్కడినే మోస్తున్నాను. ఇంట్లో తెలియదు. స్నేహితులకూ తెలియదు, నేను నోరు తెరిస్తే చాలు, వాళ్లు ముందే నవ్వడం మొదలుపెడతారు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. నవ్వు వస్తే నవ్వండి. ఆ రోజూ చాలామందే నవ్వారు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. కర్నూలులో ప్రభుత్వమే డేరాల్లో ఉండేది కాబట్టి, జమ్మలమడుగు దగ్గర పిల్లకాలువ పనిమీద నేనూ డేరాలో ఉండడం గౌరవంగానే అనిపించేది. ప్రొద్దుటూరు కాంట్రాక్టరు ఒకాయన దగ్గర సూపర్‌వైజరును. బి.ఏ. చదివాను. ఆ చుట్టుపక్కల ఆ నేరం చేసినవాణ్ని నేనొక్కణ్నే.

తవ్వుకుంటూ ఓబులమ్మ చేనికి వచ్చాం. భర్త పోయాక చేను తనే చేసుకుంటున్న ముసలావిడ. కాలువకు భూమి ఇవ్వడానికి ఒప్పుకుంది గానీ, గట్టు మీద నిలబడిన రాయిని మాత్రం ముట్టుకోనివ్వలేదు. నిలువెత్తు నల్లరాయి. ఒక పక్క పై సగమంతా పాత అక్షరాలు. శుక్రవారం శుక్రవారం పసుపు పూసేది. కాలువను కొద్దిగా వంచితే సరిపోయేది. పై ఆఫీసుకు రాస్తే ఎవరో ఒకరు వచ్చి చూసేవారు. అదంతా నాకు తెలుసు. పని ఆగిపోతుందనీ, కాంట్రాక్టరు ముఖం మాడ్చుకుంటాడనీ అంతకంటే బాగా తెలుసు.

"కాలేజీలో సదివినావంట గదా నాయనా. దాని మింద ఏముండాదో సదివి చెప్పు. ఆ మాట ఇన్యాక నీ ఇష్టం" అంది ఓబులమ్మ.

రాయి ముందు గొంతుక్కూర్చున్నాను. పరీక్ష హాల్లో జవాబు తెలియనప్పుడు పెట్టే ముఖమే పెట్టి, వేలితో ఒక్కో వరుసా తడిమాను. ఒక్క అక్షరమూ అంతుపట్టలేదు. 'నాకు రాదు' అంటే సరిపోయేది. కానీ కూలీలంతా చూస్తున్నారు.

"అవసరమైతే ఈ రాయిని పక్కకు జరుపుకోవచ్చు అని ఉంది, అవ్వా."

గడ్డపారలు పట్టుకున్నవాళ్లు పగలబడి నవ్వారు. "రాయి శానా మంచిది మామా" అన్నాడొకడు. ఓబులమ్మ కూడా నవ్వి, నన్ను నాలుగు తిడుతుందనుకున్నాను. నవ్వలేదు.

"రాయే ఒప్పుకున్యాక వద్దనేదానికి నేనెవరు? ఒక్కటి మాత్రం ఇనుకో. రాసిన తట్టు మింద ఎవుని కాలూ పడగూడదు. సదువు గదా."

ఆ రాయిని ఇనుప మేకులు దిగగొట్టి అడ్డంగా రెండు చేశారు. చేల మధ్య దారి కాలువను దాటే చోట, తూము మీద బండలుగా పరిచారు, అక్షరాల ముఖం కిందికి ఉండేలా. ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నాను.

నేనన్నది హాస్యమా, అబద్ధమా? నవ్వితే హాస్యం, నమ్మితే అబద్ధం. ఆ తేడాను ఎదుటివాళ్ల మీదకు నెట్టేసి తప్పుకోవడం నాకు చాలాకాలం పనికొచ్చింది. ఆమె నమ్మిందని తెలిసిన క్షణంలోనే 'తమాషాకన్నాను అవ్వా' అనొచ్చు కదా? ఎందుకనలేదు? పని జరిగిపోతోంది కాబట్టి. ఇంత చిన్న జవాబు చెప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

తర్వాత పులివెందుల బడిలో అయ్యవారినయ్యాను. చెప్పమన్నది చరిత్ర. హాస్యంలో విధి నన్ను మించింది. పాత అక్షరాలు కొన్ని కూడబలుక్కుని నేర్చుకున్నాను, ఎందుకు నేర్చుకుంటున్నానో ఎవరికీ చెప్పకుండా. మొన్న ఎండాకాలం కాలువలో నీళ్లు లేనప్పుడు ఆ తూములోకి పాక్కుంటూ వెళ్లి, వెల్లకిలా పడుకుని, చేతి అద్దంతో ఎండను పైకి కొట్టాను. అక్షరాలు చెక్కుచెదరలేదు. వాన తగలలేదు, కాలు తగలలేదు. నా తెలివి పాడుచేసినదాన్ని ఆమె భక్తి దాచిపెట్టింది. చివరి వరుసలో రెండు మాటలు పోల్చుకోగలిగాను: 'దీని చెరిచినవాడు'. ఆ చెరిచినవాడికి ఏమవుతుందో ఆ తర్వాత ఉండాలి. మేకులు దిగింది సరిగ్గా అక్కడే.

ఇప్పుడా కాలువను వెడల్పు చేస్తున్నారు. తూమును పగలగొడతారని విని కుర్ర ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాను. బండల కింద అక్షరాలున్నాయని మీకెలా తెలుసని అడిగాడు. చెప్పాను. ఓబులమ్మ తర్వాత నేను చెప్పింది విని నవ్వని మనిషి అతనొక్కడే. మేకులు వద్దు, మోకులతోనే ఎత్తిస్తానన్నాడు. కాలువ గట్టు ఎగువన రెండు ముక్కలనూ కలిపి నిలబెట్టడానికి గుంత కూడా తవ్వించాడు.

రేపు బండలు తిప్పుతారు. ఈ ఇరవయ్యేళ్లలో ఓబులమ్మ నడుం వంగింది గానీ పసుపు తీసుకుని వస్తానని కబురు పంపింది. ఏముండాదో సదువు నాయనా అని తప్పకుండా అడుగుతుంది. నాకు కొంచెమే వచ్చు అవ్వా, ఆ రోజు అదీ రాదు, అని చెబుతాను. మీకు చెప్పేసరికే రాయి కొంత తేలికైంది. ఆమె ఏమంటుందో మాత్రం తెలియదు. ఆ ముక్క కూడా విరిగిన చోటే ఉన్నట్టుంది.