ఒలింపస్ కొండ అంచు

మా సైన్స్ సార్ పోయారని శుక్రవారం పొద్దున ఫోనొచ్చింది. మలక్‌పేటలో వాళ్లింటికి వెళ్లేసరికి వాకిలంతా ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఏడుస్తూనే ఆయన మాటలు గుర్తుచేసుకుని నవ్వుకున్నాం.

నేను పదో తరగతిలో సైన్స్ తప్పాను. చదివింది చాలన్నాడు మా అబ్బా. తప్పినవాళ్లకు మొఘల్‌పురా బడిలో సార్ విడిగా క్లాసులు చెబుతుంటే, అమ్మీ బతిమాలితే వారం రోజులు మాత్రం వెళ్లనిచ్చాడు.

ఓ రోజు సార్ అంగారకుడి మీది అగ్నిపర్వతం ఒలింపస్ మాన్స్‌ను గీయమన్నారు. అందరం మొనదేలిన కొండ గీసి పైన పొగ పెట్టాం. ఆయన నవ్వి, సందు చివర రుమాలీ రోటీల దుకాణానికి తీసుకెళ్లి, పొయ్యి మీద బోర్లించిన తవా చూపించారు.

"గిట్లుంటది. ఎవరెస్టుకు రెండింతల మీద ఎత్తు. గని మస్తు వెడల్పు. ఎక్కుతున్నమని తెల్వనే తెల్వది."

"గంత పెద్ద తవానా! గక్కడ రోటీలు ఎవలు తింటరు సార్?" అన్నాడు రోటీలు చేసే చాచా.

ఆ సాయంత్రం అన్న ఫోన్‌లో ఆ కొండ ఫొటోలు వెతికాను. మర్నాడు ఆ ఫోన్ తీసుకెళ్లి సార్‌కు చూపించి, "సార్, పైనంతా తవా లెక్కనే ఉంది. అంచుల కాడ మాత్రం నిట్టనిలువు గోడలున్నయ్" అన్నాను.

సార్ కళ్లజోడు తీసి ఫోన్ చాలాసేపు చూశారు. "నేనే తప్పు చెప్పిన బిడ్డా. ఇన్నేండ్ల సంది గదే చెప్తున్న."

అక్కడితో ఊరుకుంటే ఆయన మా సార్ ఎందుకవుతారు! ప్రతి క్లాసుకూ వెళ్లి, నా పేరు చెప్పి మరీ తప్పు దిద్దుకున్నారు. చాచాకు కూడా చెప్పొచ్చారు. చాచా నోట్లో నువ్వు గింజ నానదు. రోటీలకొచ్చిన అబ్బాను ఆపి, "భాయ్, నీ బిడ్డ సార్‌కే సబక్ చెప్పిందట!" అన్నాడు.

అబ్బా ఇంటికొచ్చి రోటీల పొట్లం నా చేతికిచ్చాడు. "పరీక్ష రాస్తవా? రాయి పో" అన్నాడు.

పాసయ్యానని చెప్పడానికి వెళ్తే, "అంచు కాడి గోడ ఎక్కినవ్ బిడ్డా. ఇగ ఫికర్ లేదు, నడువు" అన్నారు సార్. ఆ మాట మీదే ఇంత దూరం వచ్చాను. ఇప్పుడు చాంద్రాయణగుట్ట దగ్గర ఓ బడిలో సైన్స్ చెబుతున్నాను.

సోమవారం క్లాసులో వెనక బెంచీ పిల్ల ఒకతె లేచింది. "మేడమ్, బోర్డు మీద తప్పుంది."

దాచడమెందుకు, ముందు నాకు చిర్రెత్తింది. తర్వాత సుద్దముక్క ఆమె చేతికిచ్చి పక్కకు జరిగాను. ఆ పిల్ల నేను రాసింది తుడిచేసి, తనకు తెలిసింది పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.