ఖండన మొదలుకాకముందే డ్యూటీ వేళైంది

ఎం.ఏ. పూర్తిచేసిన ఆ కొత్తలో, వాదించడం చేతనైతే చాలు, లోకంలో ఒప్పించలేని మనిషంటూ ఉండడని నా గట్టి నమ్మకం. బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన రైల్వే క్వార్టర్ పిల్లను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కోపమొస్తే రెండూ. రీసెర్చ్ ప్రవేశపరీక్ష కోసం రాజ్‌కిశోర్ నగర్‌లో ఒక మాస్టారి దగ్గరికి కోచింగ్‌కు వెళ్లేదాన్ని. ప్రతిపాదన, ఆధారం, ప్రతివాదం, ఖండన అంటూ ఆయన నేర్పిన మాటలు నా నెత్తికెక్కాయి (బుర్రలోకి కాదు, నెత్తి మీదికే). "ఎదుటివాడి అభ్యంతరాలు వాడికన్నా గట్టిగా మీరే చెప్పేయండి. తర్వాత ఒక్కొక్కటే ఖండించండి. ఇక వాడికి నోరు లేవదు" అనేవారాయన.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చింది. మా ఇళ్లలో ఆడపిల్ల ఒక్కతే అంతదూరం వెళ్లి చదివింది లేదు. అందుకని బాగా సాధన చేసి, లోకో షెడ్‌లో పనిచేసే మా నాన్న పొద్దున్నే డ్యూటీకి వెళ్లే ముందు ఉప్మా తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. "నాన్నా, హైదరాబాద్‌లో సీటొచ్చింది. నేను పీహెచ్‌డీ చేయాలన్నది నా ప్రతిపాదన" అన్నాను.

"అచ్ఛా! మంచిదేనమ్మా, ఎల్లు" అన్నారు నాన్న, పచ్చడి వేసుకుంటూ.

నేను నిర్ఘాంతపోయాను. అప్పుడే ఒప్పేసుకుంటే ఎలా? ఇంకా ఏమీ మొదలుపెట్టందే! తెలివైన పిల్లయితే అక్కడితో లేచి బట్టలు సర్దుకునేది. నేను మాత్రం, "అలా కాదు, అభ్యంతరాలు కూడా వినాలి" అని ఆయన్ను కూర్చోబెట్టాను. హాస్టల్ తిండి పడకపోవచ్చు. గైడు మధ్యలో వదిలేసి వెళ్లిపోవచ్చు. నేనెంచుకున్న అంశం మీద ఇంకెవరో ముందే రాసేసి ఉండవచ్చు. ఏళ్లు గడిచినా థీసిస్ తేలకపోవచ్చు, తేలినా ఉద్యోగం రాకపోవచ్చు. గొంతు కాస్త వణికించాను కూడా (శ్రోత మనసు కరిగించడమనే పాఠం అది). నాన్న చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. "ఇప్పుడు ఖండన" అని నేను గొంతు సవరించుకునేలోపు ఆయన గడియారం చూసి, "డ్యూటీకి టైమైపోనాది" అంటూ సగం ఉప్మా వదిలేసి లేచిపోయారు. స్కూటర్ మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడిపోయాను, ఖండనంతా నోట్లోనే పెట్టుకుని.

సాయంత్రం వస్తూనే, "వొద్దమ్మా, ఎల్లొద్దు. షెడ్‌లో అందర్నీ అడిగినాను. నువ్వు సెప్పినవన్నీ నిజిమేనంట" అన్నారు.

నామీద నేనే చెప్పుకున్న చాడీలకు లోకో షెడ్ మొత్తం వత్తాసు! గబగబా ఖండన ఎత్తుకున్నాను. గైడు మంచివారని, ఉద్యోగం తప్పక వస్తుందని చెబుతుంటే నాన్న నెమ్మదిగా, "దానికి ఆధారమేటి?" అన్నారు. నా దగ్గర లేదు. ఏడుపొచ్చేసింది. ఈసారిది ఏ పాఠంలోదీ కాదు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏటే ఈ గోల? నీకు ఎల్లాలనుందా, లేదా?"

"ఉంది. చాలా ఉంది."

నాన్న తెల్లబోయారు. "మరి పొద్దున్న అంతసేపూ బయాలే సెప్పినావు కదే! నీకిష్టం లేదు, మొకమాటానికి సెప్పలేకపోతన్నావు అనుకున్నాను. నిన్నెలగ తప్పించాలా అని రోజంతా అదే ఆలోసన నాకు."

నేను ఓడించాలని చూసిన మనిషి, పొద్దుటినుంచీ నా పక్షానే ఉన్నాడు! మర్నాడే రైలు టికెట్టు తీయించి తెచ్చారు.

ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో ఆ ప్రతిపాదన, ఖండన మాటలే పాఠం చెబుతున్నాను. అప్పుడప్పుడూ ఏదో ఒక పిల్ల వచ్చి, "మేడమ్, ఇంట్లో ఒప్పించాలి, ఎలా మొదలుపెట్టను?" అంటుంది. "నాకు కావాలి అని చెప్పి ఆగిపోమ్మా" అంటాను. ఈవిడకు తెలిసిందింతేనా అన్నట్టు నాకేసి జాలిగా చూసి వెళ్లిపోతుంది. కోపం రాదు, నవ్వొస్తుంది. ఆ వయసులో నాకెవరైనా ఈ సలహా ఇచ్చి ఉంటే, నేనూ అలాగే జాలిపడి, ఇంకాస్త చదువుకున్నవాళ్ల కోసం వెతుక్కుంటూ పోయేదాన్ని.