మలయా పోయిన అప్ప పేరు

మంచం మీద సూట్‌కేసు నోరు తెరుచుకుని పడి ఉండి పది రోజులైంది. మా ఆయన దాన్ని గల్లీ చివరి కిరాణా కొట్టు కాంటా మీద తూయించుకొచ్చి, చేగోడీలు తీసెయ్యమని ఒకటే గొడవ. తీస్తే ఆయన మోకాళ్ళ తైలం సీసాలు తియ్యాలి గాని చేగోడీలేం చేశాయని నా వాదన. ఆ గొడవ విని పక్కింటి అక్క గుమ్మంలోకొచ్చింది.

"నెల దినాలు మలేషియానా? గాడ నీకెవలున్నరే? ఇన్నేండ్ల సంది పక్కపొంటి ఉంటున్నం, ఒక్కనాడన్న చెప్పినవా?"

ఉన్నారని నాకే పోయినేడు దాకా తెలియదంటే ఆవిడ నమ్మలేదు. కాని వాళ్ళ మనిషి పేరు మోస్తూనే ఈ గోదావరిఖనిలో ఇంతదాన్నయ్యాను.

నా పేరు సింహాచలం. శ్రీకాకుళం వైపు నుంచి బొగ్గుబావి ఉద్యోగానికొచ్చిన మా నాన్నకు తొలిచూలు ఆడపిల్ల పుట్టగానే మా నాయనమ్మ పట్టుబట్టి పెట్టించిన పేరది. ఆవిడకు తోడబుట్టిన అప్ప (మా వైపు అక్కను అప్ప అంటాం) పెళ్ళయిన కొత్తలోనే మొగుడి వెంట విశాఖపట్నంలో ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు పోయిందట. తర్వాత యుద్ధమొచ్చిందట, కబురన్నది లేకుండా పోయిందట. ఆ అప్ప పేరే నాకు.

పేరు పెడితే పెట్టింది, ఆ పేరుకు తగ్గ మర్యాద కూడా ఇచ్చేది. నాలుగేళ్ళ పిల్లను పట్టుకుని "అప్పా, అన్నం తిందువుగాని రా" అని పిలుస్తుంటే క్వార్టర్ల వరుసంతా నవ్వేది. చేపల పులుసులో పెద్ద ముక్క నాది. నా అల్లరికి మా అమ్మ చెయ్యెత్తితే, "పెద్దదాని మీద చెయ్యెత్తుతావేటే?" అని నాయనమ్మ అడ్డమొచ్చేది, నా కడుపున పుట్టినదాన్ని నేను కొట్టుకోకూడదా అని అమ్మ ఏడ్చినంత పని చేసేది. ఇంట్లో తిట్టేవాళ్ళు లేకుండా పెరిగిన నాలుక ఎలా తయారవుతుందో మా ఆయన్ని అడిగితే చెప్తారు.

బళ్ళో మాత్రం ఆ మర్యాద చెల్లలేదు. హాజరు పిలిచినప్పుడల్లా కొత్త సారు మగపిల్లల వరుస వైపు చూడడం, క్లాసంతా కిసుక్కుమనడం. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే ముందు, ఈ పేరు మార్చకపోతే చదువే మానేస్తానని భీష్మించుకు కూర్చున్నాను. నాన్న సరేనన్నాడు. నాయనమ్మ కుంపట్లో బొగ్గులు ఎగదోస్తూ కూర్చుంది. ఆఖరికి, "నీ పేరు నీ ఇష్టం అప్పా. కాని ఆ పేరెట్టి పిలిస్తే ఈ భూమ్మీద ఎవులో ఒకలు నాకు పలకాల కదా" అంది. అంతే, వాదనలో నేను ఓడిపోయిన సందర్భాల్లో అదొకటి. రెండోది వెతికితే దొరుకుతుందేమో. డిగ్రీ పట్టా మీదా అదే పేరు, మొన్న పాస్‌పోర్టు మీదా అదే పేరు.

నాయనమ్మ పోయాక నన్ను అప్పా అన్నవాళ్ళు లేరు.

పోయినేడు మలేషియా నుంచి ఎవరో శ్రీకాకుళం వైపు మా పాత ఊరు వెతుక్కుంటూ వచ్చి, మా చిన్నాన్న దగ్గర నా నంబరు పట్టుకెళ్ళారు. వారం తిరక్కుండా వీడియో కాల్. తెర మీద ముగ్గుబుట్టలాంటి తలతో ఒక ముసలావిడ, ఆ మలయా అప్ప కూతురు, నాకు వరసకు మేనత్త. ఎవరమ్మా నువ్వు అని అడిగితే పేరు చెప్పాను. ఆవిడ పైట చెంగు నెత్తి మీదికి లాక్కుని, కుర్చీలోంచి లేవబోయి, "అమ్మా! ఎన్నాళ్ళకొచ్చావే అమ్మా" అంది.

ఆ తర్వాత అత్త తన పెద్దకూతుర్ని తెర ముందుకు లాగింది. కత్తిరించిన జుట్టు, ప్యాంటు, ముక్కలు ముక్కలుగా తెలుగు. పేరు అప్పలనరసమ్మ. మా నాయనమ్మ పేరు! అక్కడ ఆ అప్ప కూడా తొలి మనవరాలికి చెల్లెలి పేరే పెట్టించిందట, "చెల్లీ" అనే పిలిచిందట, చెయ్యి చేసుకోనిచ్చేది కాదట. ఉత్తరం ముక్క లేదు, కబురు లేదు, మధ్యన అంత సముద్రం. ఒకరు రబ్బరు తోటలోను, ఒకరు బొగ్గు ఊళ్ళోను కూర్చుని, ఒకరి పేరు ఒకరు అలా ప్రాణంతో నిలబెట్టుకున్నారు.

ఇప్పుడు అత్తకు ఒకరోజు మనుషులు గుర్తుంటే ఒకరోజు ఉండడం లేదు. నా పేరింకా గుర్తుందట. అది కూడా చెదిరిపోయేలోగా ఎదురుగా నిలబడి ఒక్కసారి పలకాలనే ఈ తొందరంతా. నిన్న ఫోనులో ఆ కూతురు నన్నేమని పిలవాలని మొహమాటంగా అడిగింది. వరసకు వదినా అనాలి. వెనక నుంచి అత్త కసిరింది: "వదినేటే? నీ పేరుకి అది అప్ప!" ఆ పిల్ల (పిల్లేమిటి, రిటైరైన టీచరు) నవ్వుతూ, "అప్పా, జల్దీ రా" అంది. జల్దీ అన్న మా గల్లీ మాట నా దగ్గరే నేర్చిందేమో, నేను ఫోనులో పదిసార్లు అని ఉంటాను.

నాయనమ్మ కుంపటి పెట్టుకున్న ఆ క్వార్టర్ల వరుస ఇప్పుడు లేదు, దాని మీద ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట లేచింది. మా మనవరాలికి దాని అమ్మానాన్నలు ఎవరికీ లేని పేరు కావాలని నెలంతా ఇంటర్నెట్టులో వెతికి పెట్టారు. ముద్దుగానే ఉంది, బళ్ళో ఎవరూ నవ్వరు. అల్లరి చేస్తే దాన్ని ఆ పేరుతోనే హాయిగా తిట్టుకుంటున్నారు కూడా. కాని ఆ పేరు వినగానే నెత్తిన చెంగు కప్పుకుని లేచి నిలబడే ముసలిది, ఏ సముద్రానికవతలా దానికి ఉండదు.